ఇనేటోళ్ల పిల్ల

చెవులు మూసుకుంటే లాభం లేదని భూలక్ష్మికి ఐదేళ్ల వయసులోనే తెలుసు. అయినా ఇప్పుడు రెండు చేతులతో చెవులు గట్టిగా మూసుకుని, కళ్లు కూడా మూసుకుని, రాయదుర్గం ఊరి వెనకాల గుట్ట మీద అన్నిటికంటే ఎత్తైన బండ ఎక్కి కూర్చుంది, ఎందుకంటే కిందనుంచి ఊరు ఊరంతా తననే చూస్తోంది, చూసేవాళ్లకి ఏదో ఒకటి చేస్తున్నట్టు కనబడాలి కదా. బండ ఇంకా పెనంలా కాలుతోంది. ఐదు కావస్తోంది, ఆరింటికి పొద్దు గూకుతుంది, పొద్దు గూకితే ఈ గుండ్ల మధ్య మనిషిని వెతకడం ఎవరి తరమూ కాదు, పాములూ పడితే లేవలేని సందులూ, అందుకే ఇంకో గంటే ఉంది, గంటలోపల వినాలి. వెంకటరామయ్య సారు పొద్దున తొమ్మిదింటికి చేతికర్ర పట్టుకుని ఊరికే నడిచొస్తానని పోయాడు. అరవై రెండేళ్ల మనిషి. నీళ్లు కూడా తీసుకుపోలేదట. ఎక్కడున్నా ఏదో ఒకటి అనుకుంటూ ఉంటాడు, ప్రాణమున్న మనిషి ఏమీ అనుకోకుండా నిమిషం కూడా ఉండలేడు, నాయనమ్మ చెప్పిన మొదటి పాఠం అదే. ఆ అనుకునేది పట్టుకోవాలి, అది ఏ దిక్కునుంచి వస్తోందో చెప్పాలి, అంతే. అంతేనంట, చెప్పుడు మంచిగనే ఉంటది, అనుకుంది భూలక్ష్మి.

ముందు కిందున్న జనమే వినబడ్డారు. అందరూ నోళ్లు మూసుకుని నిలబడండని నాయిన రాజయ్య ఒకటికి రెండుసార్లు చెప్పాడు, అందరూ బుద్ధిగా మూసుకున్నారు, కానీ నోరు మూస్తే మనసుకు మూతబడుతుందా, పైగా ఇంకా పెద్దగొంతు చేసుకుంటుంది. చంద్రమ్మ పొయ్యి మీద నువ్వులు పెట్టి వచ్చింది, మాడుతున్నయో ఏందో, పోదామంటే సారు దొరికే టైంకు నేనుండకపోతే ఎట్ల, పోకపోతే నువ్వులు, పోతే సారు, నువ్వులు, సారు, నువ్వులు. కిష్టమ్మకి వీపు మధ్యలో దురద, చెయ్యి అందదు, ఇంతమందిలో గోడకు రుద్దుకోవడానికి గోడ కూడా లేదు. ఎవరో మెహదీపట్నం నుంచి రావలసిన బస్సు గురించి, ఎవరో కిందటి ఏడు పోయిన బర్రె గురించి, అది కూడా ఇట్లనే పోయింది, మూడు రోజులకు దొరికింది, సారు కూడా దొరుకుతడు. నాయిన మనసు ఎప్పటిలాగే ఒక్క మాట మీద ఆగి ఉంది, సారు సల్లగుండాలె, సారు సల్లగుండాలె, రాయి మీద ఉలి దెబ్బలాగ అదే చోట, అదే బరువుతో. భూలక్ష్మికి నవ్వొచ్చింది, నవ్వితే బాగుండదని పెదాలు బిగించింది. ఒక్కొక్కరినీ పక్కకు జరపాలి, బియ్యంలో మెరిగలు ఏరినట్టు, ఇది చంద్రమ్మది, ఇది కిష్టమ్మది, ఇది నాయినది, ఇవన్నీ పక్కన పెడితే మిగిలేది వినాలి. మిగిలింది నాయనమ్మ. నాయనమ్మ మనసు దగ్గర భూలక్ష్మి ఎప్పుడూ ఆగదు, ఇప్పుడూ ఆగకుండానే పక్కకు జరిపేసింది.

ఎందుకంటే నాయనమ్మ పోచమ్మకి ఏడాది నుంచి ఏమీ వినబడటం లేదు. కిందటి చలికాలం పన్నెండు రోజులు జ్వరం వచ్చి పోయింది, పోతూపోతూ చెవులు వదిలేసి, మనసులు వినే ఆ వినికిడి పట్టుకుపోయింది. ఊళ్లో ఈ సంగతి తెలిసింది భూలక్ష్మి ఒక్కదానికే, అదీ నాయనమ్మ చెప్పగా కాదు, నాయనమ్మ మనసులో విని. ఇనేటోళ్ల ఇల్లు అంటే చుట్టుపక్కల నాలుగూళ్లలో తెలియనివాళ్లు లేరు, కోడి పోయినా కడియం పోయినా పోచమ్మ వాకిట్లోకి వస్తారు, ఆమె వచ్చినవాళ్లను వరుసగా కూర్చోబెట్టి ఒక్కొక్కరి మొహం చూస్తూ తీరిగ్గా తమలపాకు నములుతుంది, దొంగ మనసు లోపలినుంచి తనంతట తానే అరుస్తుంది. ఏడాదిగా ఆమె ఉత్తగా నములుతోంది. వెనకాల గుమ్మం దగ్గర నిలబడి భూలక్ష్మి విని, చెంబు కిందపెట్టే చప్పుడుతో, చీపురు చప్పుడుతో ఎవరన్నది తెలిపేది, చెంబైతే ఎడమపక్కవాడు, చీపురైతే కుడిపక్కవాడు. ఇద్దరూ ఈ ఏర్పాటు గురించి ఒక్కసారి కూడా మాట్లాడుకోలేదు. అట్లాంటి వాకిట్లోకి ఈరోజు నాలుగింటికి సైకిలు మీద చెమటలు కక్కుతూ పార్థసారథి వచ్చాడు. చూసేటోళ్ల పిల్లవాడు. పదిహేనేళ్లలో ఆ ఇంటినుంచి ఈ ఇంటికి వచ్చిన మొదటి మనిషి. "పోచమ్మగారండీ, తాతయ్య పొద్దున వెళ్లారండీ, ఇంతవరకూ రాలేదు. అంతా వెతికామండీ. మీరొక్కసారి వినాలి," అన్నాడు, చెప్పులు విప్పి, చేతులు కట్టుకుని. పోచమ్మ చాటలో కందులు పక్కకు తోసి, "మీరు చూసేటోళ్లు గదనయ్యా, చూసుకోరాదు? మా ఇనికిడితోటి మీ పంతులుకేం పని?" అంది. పైకి ఆ మాట అంటుంటే లోపల ఆమె మనసు ఇంకోటి అనడం భూలక్ష్మి వింది, అయ్యో పంతులు, ఎక్కడ పడ్డవో, నాకినబడదే, ఈ పోరనికి ఎట్ల జెప్పాలె, నాకినబడదని ఎట్ల జెప్పాలె. అప్పుడే భూలక్ష్మి నోటినుంచి ఆ మాట వచ్చేసింది, "నేనింట నాయనమ్మా." నీకు బాయి దాటితే ఇనబడదు గదనే అని ముసలామె కళ్లతోనే అడిగింది. నిజమే, ఇంటినుంచి బావి దాకా, అంతే భూలక్ష్మి వినికిడి. అందుకే ఈ బండెక్కింది, ఎత్తుకు పోతే ఎక్కువ వినబడుతుందేమోనని. ఎవరూ చెప్పలేదు. తనే అనుకుంది, ముసలామె గుట్ట ఎక్కలేదు గనుక మనవరాలు వింటోందని ఊరు అనుకుంది.

పగ అంటే పెద్ద పగ కూడా కాదు, తలుచుకుంటే నవ్వొస్తుంది. సారు తెనాలి పక్కనుంచి బడికి పంతులుగా వచ్చిన కొత్తలో పటేలు ఇంట్లో పెండ్లి. పందిట్లో అందరూ విస్తళ్ల ముందు కూర్చున్నారు. సారుకి కనబడింది. ఆయన ఇంట్లో తాతల కాలంనుంచి రాబోయేది కళ్లముందు రెప్పపాటు మెరిసి పోతుంది, వాళ్లు పిలిస్తే రాదు, దానికి ఇష్టమైనప్పుడే. పందిరి కూలుతుంది, లేవండి లేవండి అని అరిచాడు. రెండు వందల మంది సగం తిన్న విస్తళ్లు వదిలేసి లేచి ఎండలో నిలబడ్డారు. పందిరి నిలబడే ఉంది. ఎంతసేపైనా నిలబడే ఉంది. అప్పుడు మూడేళ్ల భూలక్ష్మిని చంకనేసుకున్న పోచమ్మ అందరిముందూ అంది, "సారుకే నమ్మకం లేదు, లోపట లోపట నాకేమన్న భ్రమేమో అనుకుంటున్నడు, నాకినబడ్తున్నది." జనం నవ్వారు. సారు మొహం వాడిపోయింది, ఆ పూట అన్నం తినకుండానే ఇంటికి వెళ్లిపోయాడు. మర్నాడు పొద్దున పందిరి కూలింది, కింద ఒక్క కుక్క తప్ప ఎవరూ లేరు, దానికీ దెబ్బ తగల్లేదు. అప్పటినుంచి ఊరు రెండుగా చీలి, కూలింది కదా అని కొందరు, ఆరోజు కూలలేదు కదా అని కొందరు. ఆ ఇంటివాళ్లు ఈ వాకిలి తొక్కరు, ఈ ఇంటివాళ్లు ఆ నీడ తొక్కరు. పైగా కిందటేడాది సారు ఇంకో మాటన్నాడు, ఈ బండలన్నీ పోతాయి, ఇక్కడ ముప్పై అంతస్తుల అద్దాల మేడలు లేస్తాయి, మధ్యలో గాల్లో రైలు నడుస్తుంది అని. ఇంట్ల చూసుకునే అద్దం ముక్కకే దిక్కులేదు, అద్దాల మేడలట అని పోచమ్మ నెల రోజులు నవ్వింది.

పార్థసారథి పక్కనే ఉన్నాడు. ఆమె వినంగానే పరిగెత్తడానికి సిద్ధంగా, ఒక మోకాలి మీద కూర్చుని ఉన్నాడు. అతని మనసు మూరెడు దూరంలో ఉంది, పక్క ఇంట్లో రేడియోలా, చెయ్యి చాస్తే మోగేటట్టు. భూలక్ష్మి అటు తిరగలేదు. పక్కన కూసున్నోని మనసు అడగకుండ ఇనుడంటే వాని ఇంట్ల జొచ్చి దొంగతనం జేసినట్టేనని నాయనమ్మ రెండో పాఠం. ఒక్కసారి మాత్రం వింది. కావాలని కాదు. టైపు నేర్చుకోవడానికి ఆమె మెహదీపట్నం పోయే ఎనిమిదింటి బస్సులోనే అతను డిగ్రీ కాలేజీకి వెళ్తాడు, ఉగాది తర్వాత ఒకరోజు బస్సు నిండిపోయి వెనకే నిలబడ్డాడు, దారి పొడుగునా అతని మనసు ఒకే చోట తిరిగింది, ఈ అమ్మాయి రిబ్బను రంగుని ఏమంటారు, పచ్చ కాదు, నీలం కాదు, రెండూ కలిపినా కాదు, అమ్మనడగాలి, అమ్మకి ఎలా చెప్పాలి, ఇదిగో ఇలాంటి రంగు అని దేన్ని చూపించాలి. నెమలికంఠం, నెమలికంఠమంటరు దాన్ని అని వెనక్కి తిరిగి అరవాలనిపించింది. అరవలేదు. వారం రోజులు అదే రిబ్బను కట్టుకుంది. అమ్మో, ఇప్పుడివన్నీ ఎందుకు, సారు ఎండలో పడి ఉన్నడు, నువ్వు రిబ్బను కాడ ఆగినవు, ముందుకు పో.

ముందుకు పోయింది. ఎట్లా పోయిందో ఆమెకే తెలియదు, గాలిపటం దారం వదిలినట్టు వదిలింది. ఊరి చివర గొర్రెల కాపరి మనసు, ఆకలి, ఆకలి, గొర్రెలకేం తెలుసు. గొర్రెలవి వినబడవు, వినబడితే ఎప్పుడో పిచ్చెక్కేది. ఆ పక్కన రాళ్లు కొట్టేచోట ఇద్దరు, ఒకడు ఇల్లు కట్టుకుంటున్నాడు మనసులో, దర్వాజా ఎటు పెట్టాలా అని. బావి దాటింది. నేను బావి దాటిన, నాయనమ్మా, బావి దాటిన. ఇంకా అవతల, గచ్చిబౌలి దిక్కు, పెద్ద చదువుల బడి కడతారని కొలతలు తీసేవాళ్ల డేరా, అందులో ఒకాయన ఇంటికి ఉత్తరం రాస్తూ మనసులో ఒక మాట, కాగితం మీద ఇంకో మాట. అక్కడ ఆగితే మజా ఉంటుంది, ఆగలేదు. మణికొండ దిక్కు తిరిగింది. అటు ఏమీ లేదు. అటు చాలాసేపు ఏమీ లేదు, ఎండ, రాళ్లు, ఎవరూ ఏమీ అనుకోని పెద్ద ఖాళీ, ఏమీ అనుకోకుండ నిమిషం గూడ ఉండడంటివి గద నాయనమ్మా, మరి ఏమీ ఇనబడకపోతే దానికి అర్థమేంది. లేదు లేదు. ఇంకొంచెం దారం వదులు. ఇంకొంచెం. అప్పుడు, చీమ నడిచినంత చిన్నగా, ఎక్కడో రాళ్ల అడుగున, ఎవరో ఓపిగ్గా, ఒక్కో మాటా విడదీసి, ఏడు ఐదులు ముప్పై ఐదు, ఏడు ఆరులు నలభై రెండు, ఏడేడులు నలభై తొమ్మిది, ఏడెనిమిదులు యాభై నాలుగు.

భూలక్ష్మి ఫక్కున నవ్వింది. ఆ నవ్వుకి పార్థసారథి అదిరిపడి లేచి నిలబడ్డాడు, కింద జనంలో కలకలం లేచింది, ఆమె చెయ్యెత్తి ఆగమంది, కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి, నవ్వు ఆగడం లేదు. ఏడెనిమిదులు యాభై నాలుగు అనేవాడు ప్రపంచం మొత్తంలో ఒక్కడే. ఆమె ఐదో తరగతిలో ఉండగా, పరీక్షలకి ఏనాడూ చదివేది కాదు, ఎందుకు చదవాలి, సారు ప్రశ్న అడిగేటప్పుడు జవాబు ఆయన మనసులో రెడీగా ఉంటుంది కదా, విని రాసేది, అన్నిటికీ సరైన జవాబులు. ఒకరోజు లెక్కల పరీక్షలో సారు మనసు ఏడెనిమిదులు యాభై నాలుగు అంది, ఆమె యాభై నాలుగు అని రాసింది. పలక చేతికి తీసుకుని ఆయన చాలాసేపు ఆమె మొహంలోకి చూశాడు. తిడతాడనుకుంది, బెత్తం తీస్తాడనుకుంది, మీ నాయనమ్మ బుద్ధులే వచ్చాయంటాడనుకుంది. ఆయన మీసాల కింద నవ్వాడు. ఎవ్వరికీ చెప్పలేదు. మర్నాటినుంచి పరీక్ష పెట్టినప్పుడల్లా ఆయన మనసులో గుత్తివంకాయ కూర వండేవాడు, మొదట్నుంచి చివరిదాకా, వంకాయలు చీలికలు చేయడం, కారం కూరడం, నూనె, పోపు. ఆమెకి తిక్కరేగి, ఆకలి కూడా వేసి, చివరికి ఎక్కాలు నేర్చుకుంది. తర్వాత తర్వాత సారు ఇంకో పని కూడా చేసేవాడు, ఆమెకి అర్థం కాని పాఠం వస్తే నోటితో అందరికీ ఒకసారి చెప్పి, మనసులో మళ్లీ మెల్లిగా, ఆమె ఒక్కదానికే, ఇంకోసారి చెప్పేవాడు. మనుషుల మనసులు అన్నీ చిందరవందరగా ఉంటాయి, సందూకలో కుక్కిన బట్టల్లాగ. తను వింటున్నానని తెలిసి, తనకోసం మనసు మడతపెట్టి పెట్టిన మనిషి ఆయన ఒక్కడే. చూసేటోళ్ల ఇంటి మనిషి.

"సారు ఉన్నడు, బతికి ఉన్నడు," అంది పార్థసారథితో. "ఎక్కాలు చదువుతున్నడు, నాకోసం తప్పు చదువుతున్నడు."

అతనికి ఒక్క ముక్క అర్థం కాలేదు, కానీ మొహం మీద రక్తం తిరిగొచ్చింది. "ఎక్కడండీ?"

ఆగు అంది. ఎక్కం ఆగిపోయింది. ఆమె పట్టుకున్న సంగతి ఆయనకి తెలిసే దారి లేదు, అయినా తెలిసినట్టే గొంతు సవరించుకున్నాడు, మనసులో కూడా గొంతు సవరించుకునే అలవాటుంది ఆయనకి. భూలక్ష్మీ, నువ్వు వింటూ ఉంటావు. మా పార్థుడు మీ ఇంటికి వచ్చి ఉంటాడు, మీ నాయనమ్మ రెండు మాటలని ఉంటుంది, నువ్వు బయల్దేరి ఉంటావు. ఇప్పుడు డిక్టేషన్ చెబుతాను. తొందరపడకు. వెంకటరామయ్య, కామా, అనగా నేను, కామా, రెండు పెద్ద గుండ్ల మధ్య సందులో జారి పడ్డాను, ఫుల్‌స్టాప్. ఎడమ కాలు మడమ దగ్గర బెణికింది లేక విరిగింది, ఫుల్‌స్టాప్. కళ్లజోడు పోయింది గనుక దూరం ఏమీ కనబడదు, కామా, ఎండ కుడి చెంప మీద పడుతోంది, కామా, తల మీద సీతాఫలం చెట్టు ఉంది, ఫుల్‌స్టాప్. అరిచి అరిచి గొంతు పోయింది. కొత్త పేరా. నాలుక పిడచకట్టుకుపోతోంది, కనుక త్వరగా వస్తే మంచిది. మళ్లీ చెబుతాను, వెంకటరామయ్య, కామా. ఎన్నిసార్లు చెప్పాడో, పొద్దున్నించి ఎన్ని వందల సార్లు చెప్పి ఉంటాడో, ఎవరు వింటారో తెలియకుండా, వింటుందన్న నమ్మకం ఒక్కటే పెట్టుకుని. అయితే మణికొండ దిక్కు అన్నది తెలుస్తోంది గానీ అటు కోసెడు దూరం అన్నీ గుండ్లే, అన్నిటి సందుల్లోనూ సీతాఫలం చెట్లే. ఇంకో ముప్పావుగంట. ఎక్కడని పోవాలి.

"నువ్వు చూసేటోనివి గద, ఏమన్న చూసినవా?" అంది పార్థసారథి వైపు తిరిగి. "నిన్న గానీ మొన్న గానీ. చెట్టు, గుండు, ఏదన్న."

అతను నేలకేసి చూశాడు. చెవులు ఎర్రబడ్డాయి. "చూశానండీ, కానీ అది... దీనికి సంబంధం ఉందో లేదో..."

"సంబంధం నేను చెప్తగానీ నువ్వు చూసింది చెప్పు!"

"చెప్పలేనండీ."

ఆమెకి ఒళ్లు మండింది. ఆడ మీ తాత నాలుక ఎండి పడి ఉంటే నీకు సిగ్గేందయా అని అరవబోయింది. అప్పుడు అర్థమైంది, సిగ్గే, నిజంగానే సిగ్గే. మాట తగ్గించి అడిగింది, "ఇనాల్నా మరి? నువ్వు సరేనంటేనే." అతను కిందున్న జనం వైపు చూశాడు, కర్ర పట్టుకుని నిలబడ్డ పోచమ్మ వైపు చూశాడు, పడమటికి వాలిన పొద్దు వైపు చూశాడు. "వినండి," అన్నాడు.

వింది. మొన్న పొద్దున పళ్లు తోముకుంటుంటే రెప్పపాటు, బండ మీద తెల్ల రంగుతో పదిహేడు, పక్కన సీతాఫలం కొమ్మ, నా చేతిలో ఒక చెయ్యి, ఆకుపచ్చ గాజులు, నేను గట్టిగా పట్టుకున్నాను, ఆ గాజులు నాకు తెలుసు, బస్సులో రోజూ ఆ కమ్మీ పట్టుకునే చెయ్యే, దేవుడా ఈవిడ వినేస్తోంది, పదిహేడు అంటే పరీక్షలో నా బెంచీ నంబరేమో అనుకున్నాను, ఈవిడ వినేస్తోంది, నేను చచ్చాను. భూలక్ష్మి తన ముంజేతి వైపు చూసుకుంది. ఆకుపచ్చ గాజులే. ఒక్క నిమిషం ఇద్దరూ అటొకరు ఇటొకరు చూశారు. తర్వాత ఆమె బండ అంచుకి పరిగెత్తి కిందికి అరిచింది, "నాయినా! గుండు మీద తెల్లరంగుతోటి పదిహేడు, ఎక్కడున్నది?"

ఎండాకాలం కొలతలు తీయడానికి వచ్చినవాళ్ల గొలుసు మోసింది రాజయ్యే, ఆ నంబర్లు రాస్తుంటే రంగుడబ్బా పట్టుకున్నదీ ఆయనే. "పదిహేడా? మణికొండ తొవ్వల జోడుగుండ్ల కాడ!" అంటూనే ఆయన కదిలాడు, వెనకే ఊరు కదిలింది. చంద్రమ్మ మనసులో నువ్వులు పూర్తిగా మాడిపోయాయి, పోనీ అనుకుంది, పోనీతీయ్.

పరుగు. తుమ్మముళ్లు, గులకరాళ్లు, రొప్పుతూ పరుగెత్తే వాళ్లకి మాటలుండవు, ఎప్పుడూ లేనంత నిశ్శబ్దంగా ఉంది ఆమె తల లోపల, సారు డిక్టేషన్ ఒక్కటే పెద్దదవుతూ, దగ్గరవుతూ, కామా, ఫుల్‌స్టాప్, కామా. జోడుగుండ్లు. తెల్లటి పదిహేడు. పార్థసారథి సందులోకి దూకాడు, తాతయ్యా తాతయ్యా అంటున్నాడు, కిందనుంచి ఎండిపోయిన గొంతు ఏదో అంది. నీళ్ల సొరకాయ బుర్ర భూలక్ష్మి దగ్గరుంది. దిగాలి. గుండు నున్నగా ఉంది, కాలు ఆనడం లేదు. అతను కింద నిలబడి చెయ్యి చాచాడు, చాచి, ఏదో గుర్తొచ్చినట్టు ఆగాడు. ఆమె కూడా ఆగింది. ఇది అదేనని ఇద్దరికీ తెలుసు. ఏం చేస్తాం, ఆయనకి దాహం కదా, అనుకుని చెయ్యి ఇచ్చింది. గట్టిగానే పట్టుకున్నాడు. అతని అరచెయ్యి చెమటతో తడిగా, రాతి దుమ్ముతో గరుగ్గా ఉంది, చూసేటోళ్లకి ఇట్లాంటివి ముందే కనబడవు కాబోలు.

సారు సొరకాయ బుర్ర ఎత్తి గటగటా తాగాడు, మీసాల మీదనుంచి నీళ్లు కారాయి. కళ్లజోడు లేని కళ్లు చికిలించి ఆమెను గుర్తుపట్టి, "డిక్టేషన్‌లో ఎన్ని తప్పులమ్మాయ్?" అన్నాడు.

"ఒక్కటి గూడ రాలే సారూ," అంది, అని వెక్కి వెక్కి ఏడ్చింది.

నాయినా ఇంకో ముగ్గురూ కలిసి ఆయన్ని పైకి తెచ్చి బండ మీద కూర్చోబెట్టారు, ఒకతను మంచం తేవడానికి ఊళ్లోకి పరిగెత్తాడు. మడమ వాచింది కానీ ఎముక విరగలేదన్నారు. అప్పుడు వచ్చింది నాయనమ్మ, అందరికంటే వెనక, కర్ర పొడుచుకుంటూ, ఎగపోస్తూ. వచ్చి సారుకి ఎదురుగా నిలబడింది. జనం రెండు పక్కలా జరిగారు. పదిహేనేళ్లు. భూలక్ష్మికి నాయనమ్మ మనసు వినబడుతోంది, ఏమనుకుంటున్నడో, నన్ను చూసి ఏమనుకుంటున్నడో ఈ పంతులు, నాకు తెలుస్తలేదు, ఎట్ల తెలిసేది. వెనకనుంచి చెంబు మోగించాలా, చీపురు మోగించాలా, ఇక్కడ రెండూ లేవు. ముసలామె ఆమె వైపు చూడలేదు. కర్ర కిందపెట్టి, బండ మీద చతికిలబడి, అందరికీ వినబడేటట్టు అంది, "సారూ, నాకేడాదిసంది ఇనబడ్తలేదు. ఈ పొల్లనే ఇంటున్నది. నువ్వేమనుకుంటున్నవో నాకు తెల్వది, నోటితోటి చెప్పు."

సారు వాచిన కాలు పక్కకు జరిపి ఆమె వైపు తిరిగాడు. "పోచమ్మగారూ, నా సంగతీ అంతేనండి," అన్నాడు, గొంతు ఇంకా పీలగానే ఉంది. "నాకు దూరం సంగతులే కనబడుతున్నాయి, దగ్గరవి కనబడటం లేదు. యాభై ఏళ్ల తర్వాత ఇక్కడ లేచే అద్దాల మేడలు కనబడ్డాయి, ఈ గుండ్లు పోతాయే, ఒకసారి తనివితీరా చూసొద్దామని వచ్చాను, పాదం కింద ఉన్న గుంత కనబడలేదు."

పోచమ్మ నోరు తెరిచింది. నవ్వకుండా ఉండడానికి ఎంత ప్రయత్నించిందో ఆమె భుజాలు చెప్పాయి. చివరికి నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది, సారు కూడా నవ్వాడు, నవ్వితే మడమ నొప్పెట్టి అబ్బా అన్నాడు, అబ్బా అంటూ మళ్లీ నవ్వాడు. ఊరంతా నవ్వింది. ఆ పందిరి రోజు మీరు విన్నది నిజమేనండి, నాకే నమ్మకం లేదు అన్నాడు సారు. నువ్వు చూసింది మాత్రం అబద్ధమా, తెల్లారే కూలె గద, నేనే జర నోరు మూసుకోవాల్సింది, నువ్వు అన్నం తినకుండ పోతివి, ఆ మాట పదిహేనేండ్లసంది నా గొంతుల ముల్లోలె ఉన్నది అంది పోచమ్మ. ముందు ఆ మాట చెబితే అయిపోయేది గదా అని జనంలో ఎవరో గొణిగారు. ఇప్పుడు చెప్పిన గద, ఇగ ఊకో అంది ముసలామె వెనక్కి తిరక్కుండానే.

మంచం మీద సారుని మోసుకుంటూ నలుగురు ముందు నడుస్తున్నారు, పక్కనే పోచమ్మ, మడమకి ఏ ఆకు కట్టాలో గట్టిగా వాదిస్తోంది, దవాఖానకు పోవాల్సిందేనని సారు, ముందు నా ఆకు తర్వాత నీ దవాఖాన అని ఆమె. పొద్దు గుండ్ల వెనక్కి దిగింది, రాళ్లన్నీ జొన్నరొట్టె రంగులో ఉన్నాయి. భూలక్ష్మి అందరికంటే వెనకపడింది. పార్థసారథి కూడా ఎందుకో వెనకే పడ్డాడు. అతని మనసు తలుపు బార్లా తీసి పెట్టినట్టు పక్కనే ఉంది, వినకుండా నడవడం ఊపిరి బిగబట్టి నడిచినట్టుంది, అయినా బిగబట్టింది. వింటే ఒక్క క్షణంలో తెలిసిపోతుంది. తెలిసిపోతే అతను చెప్పడానికి ఇంకేం మిగులుతుంది.

"వింటున్నారాండీ?" అన్నాడు అతను కాసేపటికి.

"లేదు."

"ఓహో." ఇంకో పది అడుగులు. గొంతు సవరించుకున్నాడు, తాతకు తగ్గ మనవడు. "రేపటినుంచి బతుకమ్మ కదండీ. మా అమ్మకి దగ్గరనుంచి చూడాలని ఎప్పట్నుంచో ఉందండీ. మీ వాకిట్లో ఆడతారు కదా, మేం ఎలాగూ రాకూడదు కాబట్టి, డాబా మీదనుంచే చూస్తుంది. రేపు... రావచ్చా అండీ? అమ్మ. అంటే, అమ్మతో నేను కూడా."

భూలక్ష్మి వెంటనే జవాబు చెప్పలేదు, చెప్పకపోతే అతను ఎంత అవస్థ పడతాడో చూడాలనిపించింది, చూసింది, చాలా అవస్థే పడ్డాడు. "ఉత్తగ వస్తే కాదు," అంది. "పూలు తక్కువున్నయ్. పొద్దుగాలనే వచ్చి గునుగు తెంపాలె నువ్వు, తట్టెడు."

"తప్పకుండానండీ," అన్నాడు ప్రాణం లేచొచ్చినట్టు. నాలుగు అడుగులు వేసి ఆగాడు. "గునుగంటే ఏ పువ్వండీ?"

"పదిహేనేండ్లు ఈ ఊర్లె ఉండి గునుగు తెల్వదా!" అంది. బాట పక్కన చేను గట్టు మీద మోకాలెత్తు పెరిగి, కొసలకి తెలుపూ గులాబీ కలిసిన కుచ్చులతో, ఎక్కడ చూసినా అదే ఉంది. గంతేసి గట్టెక్కి ఒక కంకి పుటుక్కున తెంపి, కిందికి దిగి అతని చేతిలో పెట్టింది.

"గిది."